కమిషనర్ గారూ, మా సింగ్‌నగర్‌లో ఫోన్లు జారిపోవడం లేదు, లాక్కుపోతున్నారు

విజయవాడ పోలీస్ కమిషనర్ గారికి నమస్కారం.

సార్, నేరాలు తగ్గాయని ఏడాది చివర ప్రెస్‌మీట్‌లో చెప్తే పేపర్లో చదువుతాం, సంతోషమే. కానీ మా అజిత్‌సింగ్‌నగర్ వైపు చీకటిపడ్డాక నడిచి వచ్చే ఆడవాళ్ళని ఒకసారి అడిగి చూడండి, తగ్గాయో లేదో. ఫోను చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళే లేరు. మాట్లాడుతూ ఉండగా వెనక బండి శబ్దం వినిపిస్తే టక్కున ఆగి గోడవైపు జరిగిపోతారు, మెడలో గొలుసుంటే కొంగు కప్పుకుంటారు, బండి దాటిపోయాక మళ్ళీ నడుస్తారు. ఇదంతా మీ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. ఎందుకు కనిపించదో చెప్దామనే ఈ ఉత్తరం.

మా వీధి చివర టిఫిన్ బండి పెట్టుకునే ఆవిడ ఉంది. ఆమధ్య ఒకరోజు తెల్లవారకముందే పిండి తెచ్చుకుంటుంటే ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద వచ్చి చేతిలో ఫోను లాక్కుపోయారు, ఆ ఊపుకి ఆవిడ కింద పడింది. తోడు రమ్మంటే నేనూ స్టేషన్‌కి వెళ్ళాను. ఏ స్టేషనో రాయను, ఒక్క స్టేషన్ గొడవైతే ఈ లేఖే అక్కర్లేదు. రైటర్ మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ చూపించాడు. అంతా విన్నాక, "లాక్కెళ్ళారని రాస్తే ఎఫ్‌ఐఆర్, కోర్టు, వాయిదాలు, ఇవన్నీ తిరగాలమ్మా, బండి మానుకుని తిరగగలవా? పోయిందని రాసివ్వు, పోయిన ఫోన్లు వెతికే పోర్టల్ సీఈఐఆర్‌లో పెడతాం, దొరికితే ఫోన్ చేస్తాం" అన్నాడు. ఆవిడ నా వంక చూసింది, నేను నోరు తెరిచేలోపే సంతకం పెట్టేసింది. ఆవిడకి కావాల్సింది ఏదో ఒక కాగితం, దాంతో సిమ్ మళ్ళీ తీసుకోవాలి, ఎందుకంటే ఆ నంబరు మీదే ఫోన్‌పే, ఆ క్యూఆర్ మీదే పొద్దుటి బేరమంతా. మోచెయ్యి చెక్కుకుపోయి, పసుపు అద్దుకుని కూర్చున్న మనిషి చేత "దారిలో ఎక్కడో జారిపోయినది" అని రాయించుకున్నారు సార్.

సీఈఐఆర్‌ని తప్పుపట్టడం లేదు. 2023 మే నుంచి దేశమంతా నడుస్తోంది, ప్రతి ఫోనుకీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు బ్లాక్ చేసి, కొత్త సిమ్ వేసి వాడగానే ఆచూకీ పట్టుకునే పద్ధతి, నిజంగా పోగొట్టుకున్నవాళ్ళకి అంతకన్నా మంచిది లేదు. మేళాలు పెట్టి ఫోన్లు తిరిగిస్తున్నారు, ఫొటోల్లో జనం నవ్వుతూనే ఉంటున్నారు. కానీ కేసే లేకపోతే, దొరికిన ఫోను ఎవడు లాగాడు, ఎవడు కొన్నాడు, ఏ షాపులో లాక్ తీశారు అని ఎవరు అడుగుతారు? ఫోను మనకి వస్తుంది, వాడు మాత్రం వాడి బండి మీద వాడు ఊరేగుతుంటాడు.

చట్టం చూస్తే ఇంత స్పష్టంగా ఎప్పుడూ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లాక్కెళ్ళడాన్ని 304వ సెక్షన్ కింద విడిగా ఒక నేరం చేశారు, మూడేళ్ళ దాకా జైలు. లలితా కుమారి కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులే కేసు కట్టదగ్గ నేరం, జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టినా చాలు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇన్ని ఉండి కూడా టిఫిన్ బండి ఆవిడకి దక్కింది "జారిపోయినది" కాగితం.

దేశమంతటి నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ వాళ్ళ నగరాల పట్టికలో చూద్దామంటే అక్కడా మన ఊరు లేదు. 20 లక్షల జనాభా దాటిన 19 నగరాలకే వాళ్ళు విడిగా లెక్కలిస్తారు, తెలుగువాళ్ళ ఊళ్ళలో హైదరాబాద్ ఒక్కటే అందులో ఉంది. 2011 జనాభా లెక్కల్లో శివార్లతో కలిపి దాదాపు 15 లక్షలున్న బెజవాడకి ఇక మిగిలింది మీరిచ్చే లెక్కే. ఆ లెక్క స్టేషన్ రిజిస్టర్లోంచి రావాలి, రిజిస్టర్లోకి మేం చెప్పింది చెప్పినట్టు ఎక్కాలి. కేసులు పెరిగితే రివ్యూ మీటింగ్‌లో అక్షింతలు పడతాయని కింద స్టేషన్లలో టెన్షన్ ఉంటే దాన్ని తీసేయగలిగింది మీరే సార్. కేసులు ఎక్కువ నమోదవడం, నేరాలు పెరగడం ఒకటి కాదని ఎన్‌సీఆర్‌బీయే తన నివేదికల్లో రాసుకుంటుంది. మొదటి ఏడాది అంకె పెరిగి పేపర్లవాళ్ళు గోల చేస్తే, మీ తరఫున మాట్లాడటానికి మేం రెడీ.

అంకె తక్కువ చూపిస్తే నష్టం ఎవరికంటే మాకే. కేసుల్లేని వీధికి రాత్రి బీట్ ఎందుకు వేస్తారు? 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు నీళ్ళలో నానిపోయిన కెమెరాల్లో మా వీధిది ఒకటి, చందాలేసుకుని పెట్టించుకున్నది. ఇప్పటికీ స్తంభానికి వేలాడుతోంది, దానికింద "మీరు నిఘాలో ఉన్నారు" అని బోర్డు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. కొత్తది అడిగితే ఇక్కడ పెద్దగా నేరాలేం లేవు కదా అంటారు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది చదివి రేపు తెల్లారుజామున వాంబేకాలనీలో కార్డన్ సెర్చ్ పెట్టి, కాగితాల్లేని బండ్లు నాలుగు పట్టుకొచ్చి లైన్లో నిలబెట్టి ఫొటో తీయించకండి, దండం పెడతాను. అది కూలి పనికి వెళ్ళేవాడి బండి, లాక్కుపోయేవాడిది కాదు. గంజాయి బ్యాచ్‌ల సంగతి చెప్పడానికి రాష్ట్ర పోలీసుల మత్తుమందుల నిరోధక విభాగం ఈగల్ వాళ్ళ 1972 ఫోన్ నంబరు ఉందని మాకు తెలుసు, మంచిదే, కానీ ఫోన్ చేసినవాడి పేరు వీధిలో పొక్కదని జనానికి ఇంకా నమ్మకం లేదు. ఆ నమ్మకం పోస్టర్లతో రాదు, పగలు నడుచుకుంటూ వచ్చి పలకరించే బీట్ కానిస్టేబుల్‌తో వస్తుంది.

మేం అడిగేది పెద్ద బడ్జెట్ పని కూడా కాదు. ఫోను పోయిందని వచ్చిన ప్రతి కాగితం మీదా "ఎవరైనా లాక్కున్నారా, దెబ్బలు తగిలాయా" అని అడిగి జవాబు రాయించండి, అవునంటే ఎఫ్‌ఐఆర్ కట్టించండి. ఏ స్టేషన్లో ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని కేసులయ్యాయి అని నెలనెలా స్టేషన్ నోటీసు బోర్డులో పెట్టించండి. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కి మా వీధివాళ్ళం వస్తున్నాం, టిఫిన్ ఆవిడ కూడా బండి కట్టేసి వస్తానంది. దగ్గరున్న కాగితాలన్నీ తెస్తున్నాం, వాటిని మళ్ళీ తెరిపించమని అడుగుతాం.

ఇట్లు,
పైపుల రోడ్డు దగ్గర ఒక వీధివాసి