వార్షిక నివేదిక 2024–25: పైరంగు వేయని సంవత్సరం

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పాత కార్ల సంఘం తరఫున ఒక్క కారుకీ పైరంగు పడలేదు. ఏడాదంతా గీకుతూనే ఉన్నారా అని వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఎత్తిపొడుపులన్నీ కార్యవర్గం చదివింది. అవును, గీకుతూనే ఉన్నాం. కిందటి సర్వసభ్య సమావేశంలో అందరం చేతులెత్తి ఒప్పుకున్న పనే అది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం, వచ్చి మరిచిపోయినవారి కోసం కారణం మళ్లీ చెబుతున్నాం.

కిందటేడు సంక్రాంతికి ముందు కొందరు సభ్యులు షెడ్డులో టింకరింగ్, పెయింటింగ్ చేయించుకున్నారు. పండక్కి బళ్లు తళతళలాడాయి. వానలు పడి వెలిసేసరికి డోర్ల అడుగున, హెడ్‌లైట్ల చుట్టూ, వెనక చక్రాల పైన రంగు బుడగలు తేలింది. ఒక బుడగను గోటితో గిల్లితే పుట్టీ పెచ్చు ఊడొచ్చింది, దాని వెనక తడి తుప్పు. పైన పటారం, లోన లొటారం. డబ్బు పోతే పోయింది, అదే రేకును రెండోసారి గీకించుకోవాల్సి వచ్చింది. గీకిన ప్రతిసారీ రేకు పల్చబడుతుంది. రంగు ఊడిందంటే కారణం రంగులో ఉండటం అరుదు. అది కింద ఉంటుంది, విశాఖలో అయితే ఉప్పులో, తేమలో ఉంటుంది. అందుకే ఈ ఏడాది కింది పని (తుప్పు తీయడం, సొట్టలు లాగడం, పుట్టీ, రంగు కింద వేసే ప్రైమర్ పూత) మాత్రమే నేర్చుకుందామని, పైరంగు జోలికి వెళ్లొద్దని తీర్మానించాం.

మన సభ్యుల బళ్లలో అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలే ఎక్కువ. కొన్ని మారుతి 800లు, ఒక కాంటెస్సా ఉన్నాయి. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది. పద్మిని అంతకు పదేళ్ల పైచిలుకు ముందే ఆగిపోయింది. అంటే కంపెనీ నుంచి కొత్త మడ్‌గార్డు, కొత్త డోరు వచ్చే రోజులు పోయాయి. పాత సామాను కొట్లలో దొరికేది మన దానికన్నా అధ్వానంగా ఉన్న సందర్భాలే ఎక్కువ. ఉన్న రేకును కాపాడుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఆదివారం ఉదయాలు కంచరపాలెంలోని ఒక సభ్యుడి పెరటి షెడ్డులో పని సాగింది. చోటిచ్చి, కరెంటిచ్చి, గ్రైండర్ రొద భరించి, ఇరుగుపొరుగుకు సర్దిచెప్పి, పైగా టిఫిన్లు పెట్టిన ఆ ఇంటివారికి సంఘం రుణపడి ఉంది.

మొదటి తరగతులు పరీక్షకే సరిపోయాయి. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి కారంతా తిప్పాం. మంచి రేకు మీద గట్టిగా పట్టుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది, మరీ మందమైతే జారి కింద పడుతుంది. ఎంవీపీ కాలనీ సభ్యుడి అంబాసిడర్‌కు వెనక మడ్‌గార్డు మీద అరచేతి వెడల్పున అయస్కాంతం అసలు నిలవలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానులో చెట్టు కొమ్మ పడి సొట్టపోయిన చోటది. అప్పట్లో షెడ్డుల ముందు బళ్లు బారులు తీరాయి, ఎవరికీ సొట్ట లాగేంత తీరిక లేదు. గుంటను పుట్టీతో నింపి పంపేశారు. ఇన్నేళ్లూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

డోర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత బళ్లు ఎక్కువగా చచ్చేది అక్కడే. అద్దం పక్క నుంచి వాన నీరు డోరు లోపలికి దిగుతుంది. అది మామూలే. అడుగున ఉన్న చిన్న కన్నాల గుండా బయటికి పోవాలి. డోరు లోపలి ప్యాడ్ ఊడదీసి టార్చి వేసి చూస్తే చాలా బళ్లలో ఆ కన్నాలు కనబడనే లేదు. దుమ్ము, ఇసుక, ఊడిన బీడింగ్ ముక్కలు కలిసి అడుగున తడి అట్ట కట్టాయి. స్క్రూడ్రైవర్‌తో తవ్వితే ఒక డోరు నుంచి దోసెడు మట్టి వచ్చింది, ఎండాకాలంలో కూడా అది చెమ్మగానే ఉంది. మట్టి పోయాక రేకు జల్లెడలా వెలుతురు చూపించింది. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంటే బయట ఎంత ఖరీదైన రంగు వేసినా ఏం లాభం? ఈ ఒక్క తరగతి తర్వాతే చాలామంది ఇంటికెళ్లి తమ కారు డోరు కన్నాలు సైకిల్ పుల్లతో పొడిచి శుభ్రం చేసుకున్నారు. ఏడాదిలో అన్నింటికన్నా చౌకగా అయిన మరమ్మతు అదే.

తర్వాత ఉప్పు సంగతి. తుప్పు కనబడగానే గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి మొదలెట్టడం మనందరి అలవాటు. బీచ్ రోడ్డు బళ్లకు అది పనికిరాదు. తుప్పు గుంటల్లో ఉప్పు దాగి ఉంటుంది. ముందే రుద్దేస్తే అది గుంటల్లోనే కూరుకుపోతుంది. పైకి తెల్లగా మెరిసిన రేకు మీద మర్నాటికల్లా నల్లటి చుక్కలు లేస్తాయి. అందుకని ముందు మంచినీళ్లతో బాగా కడగాలి, ఆరబెట్టాలి, అప్పుడు గీకాలి, మళ్లీ కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఇక్కడొక మాట. సముద్రం దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉప్పు తీసి ఉప్పు పూసినట్టే. కుళాయి నీళ్లే వాడండి.

గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు రాశాం. అది తుప్పును గట్టి ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. పెచ్చులుగా లేచిన తుప్పు మీద రాస్తే పై పొర మాత్రమే మారుతుంది, కాబట్టి పెచ్చులన్నీ ఊడ్చాకే రాయాలి. డబ్బా మీద కడగమని ఉంటే కడగాలి, వద్దంటే వద్దు. రకాన్ని బట్టి అది మారుతుంది. మిగిలిపోయిన ఆమ్లం మీద ప్రైమర్ సరిగా పట్టదు.

సొట్టలు తీయడం నేర్పడానికి గాజువాక ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న టింకర్ మేస్త్రి ఒకరు దయతో వచ్చారు. సుత్తి పట్టుకోగానే బలంగా కొట్టాలనిపిస్తుంది. ఆయన మాత్రం అరగంటసేపు ఎవరి చేతా దెబ్బ వేయించలేదు. ముందు అరచేతిని రేకు మీద పొడవుగా జార్చుతూ ఎత్తుపల్లాలు తెలుసుకోమన్నారు, పల్చటి గుడ్డ అడ్డుంటే ఇంకా బాగా తెలుస్తుందన్నారు. రేకు వెనక డాలీ (చేతిలో పట్టే ఇనుప దిమ్మ) ఆనించి సరిగ్గా దాని మీదే కొడితే రేకు సాగుతుంది. సాగిన రేకు ఉబ్బి, వేలితో నొక్కితే టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. అందుకే గుంట కింద డాలీ పెట్టి, గుంట చుట్టూ లేచిన గట్టును చిన్న చిన్న దెబ్బలతో దించాలి. సొట్ట పడినప్పుడు చివరగా ఏర్పడిన గట్టును ముందుగా సర్దాలని, అంటే పడిన క్రమానికి ఎదురు దిశలో వెళ్లాలని ఆయన చూపించారు. లాసన్స్ బే కాలనీ మాస్టారి పద్మిని బానెట్‌ను ఆయన సరిచేశాక మిగిలిన లోతు పుట్టీ పల్చగా పూస్తే సరిపోయేంతే.

కన్నాలు పడ్డ చోట పుట్టీ వద్దని సంఘం స్పష్టంగా చెబుతోంది. వలగుడ్డ అంటించి పుట్టీ మెత్తే పద్ధతి వచ్చే వానాకాలం దాకా ఓ మోస్తరుగా కనబడుతుంది, అంతే. కుళ్లిన ముక్క కోసేసి మంచి రేకు వెల్డింగ్ చేయాల్సిందే. ముఖ్యంగా డోర్ల కింద ముందు నుంచి వెనక దాకా పోయే రన్నింగ్ బోర్డు భాగం. అంబాసిడర్‌కూ పద్మినికీ లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అక్కడ పుట్టీ మెత్తడం అందం సమస్య కాదు, ప్రాణాల సమస్య. ఈ వెల్డింగ్ మనం చేయలేదు, అనుభవమున్న వెల్డర్ చేతే చేయించాం. బ్యాటరీ తీసేసి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాకే మంట వెలిగించాం. ట్యాంకు ఖాళీగా ఉందిగా అనే మాట దయచేసి ఎవరూ అనకండి. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, పేలేది అదే.

ఇక ఈ ఏడాది మనవాళ్లు గట్టిగా పోట్లాడుకున్న విషయానికి వద్దాం. పుట్టీని తడిపి రుద్దాలా, పొడిగా రుద్దాలా? షెడ్డుల్లో బకెట్టు నీళ్లు పెట్టుకుని వాటర్ పేపర్‌తో రుద్దడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. దుమ్ము లేవదు, పేపర్ త్వరగా మూసుకుపోదు. కానీ పాలిస్టర్ పుట్టీకి సన్నటి రంధ్రాలుంటాయి, నీళ్లు పీల్చుకుంటుంది. ఆ తేమ పైన ప్రైమర్ వేసి మూసేస్తే అది రేకు వైపే వెళ్తుంది, ఎండకు పొంగి బుడగై లేస్తుంది. కిందటేటి బళ్లలో మనం చూసింది ఇదే అని కార్యవర్గం అభిప్రాయం. వాదన తేలక, ఒకే డోరు మీద సగం తడిగా, సగం పొడిగా రుద్ది, ప్రైమర్ వేసి వానాకాలమంతా బయట ఉంచాం. తడి సగం మీద బుడగలు వచ్చాయి. పొడి సగం శుభ్రంగా ఉంది. ఒక్క డోరుతో ఏం రుజువవుతుందని కొందరు పెద్దలు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. సంఘం షెడ్డులో మాత్రం పుట్టీని పొడిగానే రుద్దాలనేది ఇప్పుడు నియమం.

పుట్టీ కలిపేటప్పుడు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పుట్టీ బరువులో దాదాపు 2 శాతం చాలు. మన ఎండకు అది నిమిషాల్లోనే బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగానే కలపాలి. త్వరగా ఆరాలని ఎక్కువ వేస్తే మిగిలిన హార్డెనర్ తర్వాత పైరంగులోకి పాకి మరక చూపిస్తుంది. రుద్దడానికి ముందు 80 నంబరు ఎమరీ, తర్వాత 180, ఆపైన 320. ప్రతి నంబరూ ముందు దాని గీతలు పోయేదాకా.

ప్రైమర్ విషయంలో పాత అలవాటు ఇంకొకటి మార్చుకున్నాం. రెడాక్సైడ్ (మామూలు ఎర్ర ప్రైమర్) కొట్టి కారును నెలల తరబడి చెట్టు కింద వదిలేయడం. ఆ ప్రైమర్ తేమను ఆపదు, రంగు వేసేలోపే కింద తుప్పు మొదలవుతుంది. పైరంగు ఇప్పుడే వేయడం లేదు గనుక బోసి రేకు మీద రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ వేసి, బళ్లను నీడలో పెట్టాం. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక దాని మీద ఏది వేయాలన్నా ముందు గరుకు చేసుకోవాలి. ప్రైమర్‌కు ముందు కిరోసిన్‌తో తుడవకండి, జిడ్డు మిగులుతుంది. జిడ్డు తీసే సాల్వెంట్ ఒక బనియన్ గుడ్డతో రాసి, ఆరకముందే రెండో పొడి గుడ్డతో తుడవాలి. డాష్‌బోర్డు మెరుపుకు వాడే సిలికాన్ స్ప్రేలను షెడ్డు దరిదాపులకు తేవద్దు. దాని తుంపర పడినచోట రంగు గుండ్రంగా విడిపోతుంది. పొద్దున్నే రేకు చల్లగా, పైన మంచు తడితో ఉంటుంది, ఎండెక్కి అది ఆరాకే డబ్బా మూత తీశాం. తేమ రోజుల్లో డ్యూకో రకం (త్వరగా ఆరే పాతకాలపు) రంగు తెల్లగా పాలిపోవడం పాతవాళ్లందరికీ తెలిసిందే.

అందరూ ముచ్చటపడి చూసింది గైడ్ కోట్. సర్ఫేసర్ (రుద్ది చదును చేసే మందపాటి ప్రైమర్) వేసిన డోరు చూడ్డానికి నున్నగానే ఉంది. దాని మీద నల్లరంగు తుంపరగా చల్లి, పొడవాటి చెక్కకు 400 నంబరు పేపర్ చుట్టి ఏటవాలుగా రుద్దాం. పైకి ఉన్నచోట నలుపు పోయింది. హ్యాండిల్ కింద బొటనవేలంత మేర, అడుగు అంచున ఒక సన్నటి గీతలో నలుపు మిగిలిపోయింది. కంటికి, చేతికి దొరకని గుంటలు అవి. అప్పటిదాకా డోరు పూర్తయిందని వాదించినవారు ఏమీ అనకుండా మళ్లీ పుట్టీ కలిపారు.

భద్రత గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పాత కారు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. 2017 నవంబర్ నుంచి అమల్లో ఉన్న 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) సీసం పరిమితి ఇళ్లకు వేసే రంగులకు మాత్రమే, అదీ కొత్తవాటికే. కాబట్టి పాత రంగు పొరను తడిపి రుద్దండి (పుట్టీని కాదు, మళ్లీ గొడవ వద్దు), పిల్లల్ని, గర్భిణులను దూరంగా ఉంచండి, ఆ బురదను పెరట్లో పారబోయకండి. పీయూ (పాలియురెథేన్) రంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. అవి ఒకసారి ఊపిరితిత్తులకు సరిపడకపోతే తర్వాత చిన్న మోతాదుకే ఆయాసం వస్తుంది. ముక్కుకు కట్టిన రుమాలు వాటిని ఆపదు. ఇంటి దగ్గర పైరంగు స్ప్రే చేయొద్దని కార్యవర్గం పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. కింది పని మనం చేసుకుందాం, పైరంగు స్ప్రే బూత్ (రంగు కొట్టడానికి మూసి కట్టిన గది) ఉన్నచోట వేయించుకుందాం.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆర్‌సీలో కారు రంగు నమోదై ఉంటుంది, వేరే రంగు వేయదలచినవారు ముందే రవాణా శాఖను సంప్రదించండి. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు చాసిస్ నంబరు చూస్తారు, ఆ పలక మీద గ్రైండర్ పెట్టకండి, ప్రైమర్ మందంగా కొట్టకండి. 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, కొత్త దానికి రుసుము 20,000 రూపాయలు. బాడీని, చాసిస్‌ను, ఇంజిన్‌ను పెద్దగా మార్చిన బళ్లకు అది వర్తించదు. కోతలకు ముందే ఆలోచించుకోండి.

జమాఖర్చుల పట్టీ విడిగా పంపుతున్నాం. ఖర్చులో పెద్ద వాటా ఎపాక్సీ ప్రైమర్‌ది, ఎమరీ పేపర్లది. చందా పెంచడం లేదు. షెడ్డు నుంచి ఇంటికి పట్టుకెళ్లిన డాలీలు, పొడవాటి రుద్దుడు చెక్కలు సమావేశం రోజుకి తిరిగి తెచ్చివ్వాలని కోశాధికారి గారు మరోసారి గుర్తుచేస్తున్నారు. ఎవరి దగ్గర ఏముందో ఆయనకు తెలుసు.

సమావేశంలో కొత్త కోశాధికారి ఎన్నిక ఉంటుంది. దాంతోపాటు, ప్రైమర్ దశ దాటిన బళ్లలో ముందు ఏవి పైరంగుకు పంపాలో తేల్చాలి. గైడ్ కోట్‌లో నలుపు మిగలని బళ్లనే పంపుదామని కార్యవర్గం ప్రతిపాదన. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున
విశాఖపట్నం