సీట్లు పెరిగాయి, పరిశీలకులేరీ?

సంపాదకులకు,

మా ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయ విద్యా కళాశాల ఈ ఏడాది కొత్త కోర్సులతో, అదనపు సీట్లతో బాగా పెరిగింది. బీఈడీ కోసం ఊరు విడిచి గదులు అద్దెకు తీసుకున్న నాకు అది నిజంగా సంతోషం.

అయితే బీఈడీ రెండేళ్ల కోర్సుగా మారినప్పటి నుంచి, అందులో 20 వారాలు బడిలోనే బోధన శిక్షణలో గడపాలి. మొన్న మా ఉన్నత పాఠశాలలో ఒక ఛాత్రోపాధ్యాయిని (శిక్షణలో ఉన్న బీఈడీ విద్యార్థిని) ఆరో తరగతికి భిన్నాలు చెబుతూ పన్నెండు చింతగింజలు నేలమీద పరిచి, మూడో వంతు తీయమంది. ఏడాదంతా నోరు విప్పని పిల్లవాడు నాలుగు గింజలు గుప్పిట పట్టి, "ఇవే కదా టీచర్!" అన్నాడు. ఆ పాఠం చూసి మెచ్చుకోవడానికి కళాశాల నుంచి ఎవరూ రాలేదు. తర్వాత ఒకరోజు కళాశాల పరిశీలకులు వచ్చి రికార్డులపై సంతకాలు చేసి వెళ్లారు. వారినీ తప్పుపట్టలేను, ఒక్కొక్కరికి అన్ని బడులు అప్పగించారు మరి.

2030 నాటికి, డిగ్రీతో కలిపి చదివే నాలుగేళ్ల సమీకృత బీఈడీయే ఉపాధ్యాయులకు కనీస అర్హత కావాలన్నది 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం. ఇంకా కోర్సులు వస్తాయి, రావాలి కూడా. వాటికంటే ముందు అధ్యాపకుల ఖాళీలు నింపి, శిక్షణ జరిగే ప్రతి బడికీ పదిహేను రోజులకొకసారైనా పరిశీలకుణ్ణి పంపాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక గణిత ఉపాధ్యాయుడు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా