ఒరేయ్ అప్పర్ వోల్టా!

ముందే చెబుతున్నా, తిట్టకు. ఉగాదికి రాస్తానన్నాను, శ్రీరామనవమి కూడా వెళ్ళిపోయింది, ఇప్పుడు కొత్తావకాయ కలిపి జాడీకి గుడ్డ కట్టేశాక కాగితం పట్టుకున్నాను. అదైనా ఎందుకంటే మా బావమరిది ఈ రాత్రే మస్కట్ ఫ్లైటెక్కుతున్నాడు, ఆవకాయ సీసాతో పాటు ఈ కాగితాలు కూడా వాడి సూట్‌కేసులో పడేద్దామని. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెబితే నువ్వు మధ్యలోనే పగలబడి నవ్వి మిగతా సగం వినవు, నీ సంగతి నాకు తెలీదా.

కబుర్లు గబగబా: అమ్మ మోకాలి ఆపరేషన్ అయింది, కర్రతో నడుస్తోంది, ఆ కర్రతోనే అందరినీ అదిలిస్తోంది. నాకు బ్రాంచి మారింది, పోనూ రానూ రెండు గంటలు. మీ వదినకి షుగరు అదుపులోనే ఉంది, నోరు తప్ప. అయిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. మొన్న ఆదివారం నేను మన ధవళేశ్వరం ఆనకట్ట మీద పరీక్ష రాశాను. 25కి 1 వచ్చింది. సున్నా ఏదో ఎగిరిపోయిందని మళ్ళీ చదవకు, ఒకటే.

మొదటి నుంచి చెబుతా. బుజ్జికి ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగు వద్దంది (ఆ యుద్ధం ఇంకో ఉత్తరం), ఎకనామిక్స్ చదువుతుందట, అదీ ఢిల్లీలో. దానికి సీయూఈటీ అని ఎంట్రన్స్, 2022లో పెట్టారు, అందుకే నీకు తెలీదు. అంతా కంప్యూటర్ మీదే. ఒక్కో సబ్జెక్టుకి గంట, 50 ప్రశ్నలు, ఒక్కటీ వదలడానికి చాయిస్ లేదు. రైటయితే 5 మార్కులు, తప్పయితే ఒకటి కోత. ఇంగ్లీషు పేపర్లో సగం ప్రాణం ప్యాసేజీల్లోనే ఉంటుంది, ఒక్కోదాంట్లో మూడొందల చిల్లర మాటలుంటాయి. జనరల్ టెస్ట్ అని ఇంకోటి, అందులో జీకే, కరెంట్ అఫైర్స్, లెక్కలు, లాజిక్. భాషల్లో తెలుగు కూడా ఉందే, 13లో ఒకటి, అది తీసుకో అన్నాను. నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు వాళ్ళ నానమ్మది.

ఆదివారం పొద్దున్న అది ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మాక్ టెస్ట్ రాసుకుంటుంటే నేను ఇడ్లీ తింటూ వెనక నిలబడ్డాను. నిలబడి ఊరుకోవచ్చుగా. "జీకే అంటే ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, ఇంకొకడు మస్కట్లో ఉన్నాడు" అన్నాను. నువ్వు ఇంటర్ కాలేజి క్విజ్‌లో వాగడూగూ ఏ దేశ రాజధాని అనగానే బజర్ నొక్కి అప్పర్ వోల్టా అని అరిచిన సంగతి దానికి తెలుసు, వెయ్యిసార్లు చెప్పాను. పేవ్‌మెంట్ మీద ఎనిమిది రూపాయలకు కొన్న ఇయర్‌బుక్ తప్పు అది, నీ తప్పు కాదు, నేనెప్పుడూ అదే అంటాను. ఆ దేశం 1984లోనే బుర్కినా ఫాసో అయిపోయిందని మనకెవడు చెప్పాడు? "అయితే నువ్వూ రాయి నాన్నా, ఓడినవాళ్ళు వారం రోజులు గిన్నెలు తోమాలి" అంది. సరేనన్నాను. మీ వదిన వంటింట్లోంచి "నేను సాక్షి" అని కేకేసింది, ఆవిడకి ఎటు తిరిగినా లాభమే.

ముందు జీకే. కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో ఎప్పుడు చేరిందంటే కళ్ళు మూసుకుని కొట్టాను, 2002. రెండో ప్రశ్న, కేంద్రపాలిత ప్రాంతాలు ఎన్ని. ఏడు! మన పాట గుర్తుందా, అండమాన్ నుంచి మొదలుపెట్టి ఢిల్లీ దాకా? ఎనిమిదట. కాశ్మీరు, లడఖ్ వచ్చి చేరాయి, డామన్ వెళ్ళి దాద్రాలో కలిసింది. శాస్త్రీయ భాషలు ఎన్ని? మన తెలుక్కి 2008లో వచ్చింది కదా, అన్నీ కలిపి ఆరు అని కొట్టాను. 2024 అక్టోబరులో ఇంకో ఐదింటికి ఇచ్చారట, మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీ, మొత్తం 11. కజకిస్థాన్ రాజధాని మనం ఆల్మాటీ అని బట్టీ పట్టామా? అది ఆస్తానా అయి, 2019లో నూర్‌సుల్తాన్ అయి, 2022లో మళ్ళీ ఆస్తానా అయి కూర్చుంది. నేను ఆల్మాటీలోనే ఉండిపోయాను. మనం నేర్చుకున్నదంతా పాత పచ్చడి రా, జాడీ మూత తీస్తే బూజు.

అయినా దిగులు పడలేదు. ఎందుకంటే తరవాత ఇంగ్లీషు, పై పెచ్చు ప్యాసేజీ తెరిచేసరికి మొదటి లైన్లోనే సర్ ఆర్థర్ కాటన్! నాకు నవ్వాగలేదు. ఒరేయ్, మన కాటన్ దొర! మనం ఆయన మ్యూజియం పక్కన గోలీలాడినవాళ్ళం, బ్యారేజీ గేట్లు 175 కూడా లెక్కపెడతామని బయల్దేరి నలభై దగ్గర కొట్టుకున్నవాళ్ళం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలూ నిద్రలో లేపినా చెబుతాను. ఇంక చదవడం ఎందుకని ప్యాసేజీ పైపైన చూసి ప్రశ్నల్లోకి దిగిపోయాను. అక్కడే మునిగాను.

ప్యాసేజీలో ఏముందంటే (ఇది తరవాత, గిన్నెలు తోముకుంటూ చదివించుకున్నాను): డొక్కల కరువు, 1839 తుపాను, డెల్టా చితికిపోవడం, కాటన్ ప్రతిపాదన, 1847లో పని మొదలై 1852కి పూర్తవడం. అక్కణ్ణుంచి రాసినాయన దారి మళ్ళించాడు. ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు కాటన్‌కి కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట చూశాక తెలిసిందనీ, ఆ పాత పనివాళ్ళ తెలివిని ఆయన ఒప్పుకున్నాడనీ. చివర్లో రైళ్ళా కాలవలా అని ఆయన ప్రభుత్వంతో పెట్టుకున్న గొడవ, కాలవలైతే పొలానికి నీళ్ళూ వస్తాయి, పడవలూ నడుస్తాయి కదా అని.

మొదటి ప్రశ్న, ఈ ప్యాసేజీ ముఖ్యోద్దేశం ఏమిటి. కాటన్ జీవిత చరిత్ర అని కొట్టాను. తప్పు, పాత తెలివి మీద కొత్త పని ఎలా నిలబడిందో చెప్పడం. రెండు, ప్యాసేజీ ప్రకారం పునాది నిలవడానికి కారణం. స్థానిక ఉద్యోగుల సాయం అని ఒక ఆప్షన్ కనపడింది, కాటన్ దగ్గర ఆనకట్ట పనిచేసిన మన వీణెం వీరన్నగారు గుర్తొచ్చి ఛాతీ పొంగి అదే నొక్కాను. ఆ పేరు ప్యాసేజీలో ఎక్కడా లేదు. మూడు, రచయిత ధోరణి ఏమిటి. భక్తి అని కొట్టాను రా! గోదారి స్నానం చేస్తూ ఆయన పేరు తలుచుకునేవాళ్ళున్న ఊరు మనది, గుర్రం మీద విగ్రహాలు, జయంతికి దండలు, ఇంకేం కొట్టమంటావు? ఆచితూచి మెచ్చుకోవడం అట జవాబు. నాలుగు, దీన్నిబట్టి ఏది ఊహించవచ్చు. పాత ఆనకట్ట ఇప్పుడు లేదు అన్న ఆప్షన్ నిజమే కదా, 1982లో కొత్త బ్యారేజీ వచ్చింది కదా, కొట్టాను. ఆ ఆనకట్ట తరవాత ఏమైందో ప్యాసేజీలో ఒక్క ముక్క కూడా లేదు.

అయిదోది ఒక్కటే రైటు. శాంక్షన్ అన్న మాటకి ఆ వాక్యంలో అర్థం. శిక్ష, ఆంక్ష, మంజూరు, ఇంకేదో. ఇరవయ్యేళ్ళుగా లోన్లు శాంక్షన్ చేస్తున్నవాణ్ణి, అది కూడా తప్పితే ఉద్యోగం మానేయాలి. మా బ్యాంకు నాకు 5 మార్కులిచ్చింది, నా ఊరు 4 కోసింది.

బుజ్జికి 25కి 25.

ఒరేయ్, అది ధవళేశ్వరం వెళ్ళింది మొత్తం మీద మూడుసార్లు, అందులో ఒకటి పుష్కరాల రద్దీలో నా భుజాల మీద, ఏమీ చూడలేదు. ఆనకట్టకీ బ్యారేజీకీ తేడా దానికి ఆ రోజు దాకా తెలీదు. "నీకు తెలిసింది అడగలేదు నాన్నా, అందులో ఉన్నది అడిగారు" అంది. నేనింకా వాదిస్తుంటే స్క్రీన్ నావైపు తిప్పి, "సరే, గుర్రం ఎక్కడుందో చూపించు" అంది. వెతికాను రా. సిగ్గు లేకుండా కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికాను.

కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. ఈ పిల్ల మన ఊరు గురించి మూడొందల మాటలు చదివి మార్కులన్నీ పట్టుకుపోయింది, నాకేమో అక్కడే పుట్టినందుకు కోత. కానీ అది చదివే పద్ధతి చూశాక... పేరా పేరాకీ రఫ్ కాగితం మీద రెండేసి మాటలు రాసుకుంటుంది, "కరువు", "కల్లణై", "రైలు గొడవ", అంతే. "ఎల్లప్పుడూ", "మాత్రమే" ఉన్న ఆప్షన్లను ముందు అనుమానిస్తుంది. ఎక్కువ నచ్చిన జవాబుని ఇంకోసారి చూస్తుందట. నచ్చితే ఎందుకు అనుమానం అంటే, "నచ్చిందంటే అది నా తలలోంచి వచ్చిందేమో నాన్నా" అంది. గంటకి 50 ప్రశ్నలంటే ఒక్కోదానికి 72 సెకన్లు, అందులో ఇదంతా చేస్తోంది. మనకి ఎవడైనా చెప్పాడా ఇది? మన ఇద్దరం గ్రూప్ టూ ఎన్నిసార్లు... సరే, అది వదిలెయ్.

రాత్రి గిన్నెలు తోముతుంటే అది పక్కన స్టూలేసుకుని కూర్చుని, "అనికట్ అంటే ఇంగ్లీషు మాట కాదు తెలుసా, తమిళం" అంది. అణైక్కట్టు అట. అంటే మన ఆనకట్టే! ఇన్నేళ్ళు అనికట్టు వేరు, ఆనకట్ట వేరు అన్నట్టే ఉన్నాను, ఇంగ్లీషువాడు మన మాటనే తిప్పి మనకిచ్చాడు. అప్పుడు దానికి మా తాతగారు లాకుల దగ్గర పడవ దిగి మామిడిపళ్ళ బుట్టలు దించేవారని చెప్పాను. లాకులు ఎలా పనిచేస్తాయో సింకులో గిన్నె బోర్లించి చూపించబోయి చొక్కా మొత్తం తడుపుకున్నాను. చాలాసేపు అడుగుతూనే ఉంది రా, కాలవ వెడల్పు ఎంత, పడవని లాగేది ఎవరు, గట్టు మీద తాడు పట్టుకుని లాగేవాళ్ళకి కూలి ఎంత. కూలి ఎంతో నాకు తెలీదు. మీ నాన్నగారికి తెలుసేమో, ఆయన్ని ఓసారి కనుక్కుని చెప్పు. 2027 పుష్కరాలకి నువ్వెలాగూ వస్తానన్నావు కాబట్టి, ముగ్గురం కలిసి విజ్జేశ్వరం వైపు నుంచి మొదలుపెట్టి ఆ గేట్లు ఈసారైనా పూర్తిగా

బావమరిది కింద హారన్ కొడుతున్నాడు. ఆవకాయ వారం దాకా ముట్టుకోకు, ఉప్పు పట్టాలి. ఇంకా నాలుగు రోజుల గిన్నెలు మిగిలాయి నాకు. ఉంటా.