తప్పు కూడా జిరాక్స్ అవుతోంది

ఎడిటర్ గారికి నమస్కారం.

కడప ఎర్రముక్కపల్లిలో మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పరీక్షలు దగ్గర పడితే సాయంత్రం నుంచి రాత్రి పది దాకా కూర్చునే తీరిక ఉండదు. పిల్లలు తెచ్చే నోట్సు మిషన్‌లో పెడుతూ పైపైన చదవడం నాకు అలవాటు. నేను డిగ్రీలో స్పెషల్ తెలుగు చదివాను, ఆ పురుగు ఇంకా పోలేదు.

పోయిన వారం డిగ్రీ మొదటి సంవత్సరం పాప ఒకటి వచ్చి ఇంగ్లీషు షీటు ఇచ్చింది. "అక్కా, నలభై కాపీలు వేసీ" అంది. పైన 'లిటరరీ టర్మ్స్' అని హెడ్డింగ్, కింద పట్టిక. టైపు చేసినవాళ్లు ఎక్కడో ఒక గడి వదిలేసినట్టున్నారు, అర్థాలన్నీ ఒక గడి కిందికి జారిపోయాయి. సిమిలీ ఎదురుగా అలిటరేషన్ అర్థం, మెటఫర్ ఎదురుగా సిమిలీ అర్థం, పర్సోనిఫికేషన్ ఎదురుగా మెటఫర్ అర్థం.

"ఇది తప్పు పాపా, పెన్నుతో దిద్దేదా?" అన్నాను.

"వద్దక్కా. సారు ఇదే బట్టీ పట్టమన్నాడు. మారిస్తే మార్కులు పోతాయి."

నలభై కాపీలు వేసి ఎనభై రూపాయలు తీసుకున్నాను. ఆ ఎనభై రూపాయలు ఇప్పటికీ గుచ్చుకుంటున్నాయి. అది ఏ కాలేజీ షీటో రాయను. వేరే పిల్లలు తెచ్చే కాగితాల్లోనూ ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. ఒకబ్బాయి అయితే సిమిలీని స్మైల్ అని చదివి, నవ్వుకూ పోలికకూ సంబంధమేందక్కా అని నన్నే అడిగాడు.

నా బాధ టైపింగ్ తప్పు గురించి మాత్రమే కాదు. ఆ పాప తప్పును ఎందుకు పట్టలేకపోయింది? సిమిలీ అంటే ఉపమాలంకారమేనని ఎవరూ చెప్పలేదు కాబట్టి. హైస్కూల్లో తెలుగు వాచకంలో చదివిందే. ఎండాకాలం మా మిద్దె మీద నాపబండలు పెనంలా కాలతాయి. బండలు ఉపమేయం, పెనం ఉపమానం, కాలడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. ఇంగ్లీషులో 'లైక్', 'యాజ్' చేసే పని ఈ 'లా'దే. ఆ 'లా' తీసేసి "ఎండాకాలం మా మిద్దె పెనమే" అంటే రూపకం, అదే మెటఫర్. మెటఫర్‌లోని రెండు భాగాలకు టెనర్, వెహికల్ అని ఇంగ్లీషు విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ పేర్లు పెట్టింది 1936లో. మనవాళ్లు ఉపమేయం, ఉపమానం అని అంతకు ఎన్నో శతాబ్దాల ముందే విడదీసి చూపించారు. మిషన్ ఆగినప్పుడల్లా "ఇయ్యాల అలిగింది" అంటాను నేను. ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పే పర్సోనిఫికేషన్‌కు అంతకంటే ఏం కావాలి?

అన్నీ ఇలా అతికిపోవు, ఆ సంగతీ చెప్పాలి. మన ప్రాస పద్యపాదంలో రెండో అక్షరం. ఇంగ్లీషు రైమ్ మామూలుగా పాదం చివర వస్తుంది కాబట్టి అది అంత్యప్రాసకు దగ్గర. ప్రాస అంటే రైమ్ అని రాసిన నోట్సు కూడా నా మిషన్‌లోంచి వెళ్లింది.

ఆ షీటు వెనక గ్రామర్. 'ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు యాన్ పెట్టవలెను' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం. యూనివర్సిటీ స్పెల్లింగ్ 'యు'తో మొదలైనా పలికేది 'య'కారం కాబట్టి ముందు 'ఎ' వస్తుంది. ఎమ్మెల్యే మొదటి అక్షరం 'ఎం' అయినా నోటికి వచ్చేది అచ్చు, కాబట్టి 'యాన్'. పక్కపక్క మాటలు ఒకే శబ్దంతో మొదలయ్యే అలిటరేషన్ కూడా అంతే. ఫోన్‌కూ ఫ్యాన్‌కూ స్పెల్లింగ్ వేరు, మొదటి శబ్దం ఒకటే. పలికినట్టే రాసుకునే తెలుగు పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది, చెప్పేవాళ్లు ఉంటే. ప్యాసివ్ వాయిస్‌కు 'మూయబడెను, తీయబడెను' అని ఎవరూ మాట్లాడని తెలుగు నేర్పుతున్నారు. రోజూ "కరెంటు తీసేశారు" అంటాం. ఎవరు తీశారో చెప్పం, దాంతో పనీ లేదు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పాలంటే మామూలుగా ప్యాసివే వస్తుంది.

మా షాపు నుంచి నడిచే దూరంలోనే బ్రౌన్ లైబ్రరీ. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర పేరు మీద ఉన్నదే అది. ఆయన సొంత డబ్బుతో పండితులను పెట్టి, రాతగాళ్ల తప్పులతో నిండిన తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఒకప్పుడు ఆయన బంగళా ఉండిన ఊళ్లో, ఒక పేజీ షీటును ఒకసారి చదివి దిద్దేవాళ్లు కరువయ్యారు.

లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. షీటు పిల్లల చేతికిచ్చే ముందు దయచేసి మీరొకసారి చదవండి. ఇక మీ పేపర్లో విద్యార్థుల పేజీ వస్తుంది కదా. బిట్లు, మోడల్ పేపర్ల పక్కన వారానికి ఒక్క ఇంగ్లీషు పదం వేయండి. దాని తెలుగు పేరు, మన ఇళ్లలో వినపడే ఒక ఉదాహరణ, రెండు భాషలకు ఎక్కడ తేడా వస్తుందో ఒక ముక్క ఉంటే చాలు. దాన్ని కత్తిరించి షాపు గోడకు అంటిస్తాను. అడిగిన పిల్లలకు కాపీ ఊరికే వేసిస్తాను, ఆ ఎనభై రూపాయలు చెల్లేదాకా అయినా.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక గృహిణి,
ఎర్రముక్కపల్లి, కడప.