మాంగనీసు గోతులకు వారసులెవరు?

సంపాదకులకు,

ఉక్కు తయారీకి వాడే మాంగనీసు ఖనిజం దిగుమతుల వార్తలు చదివినప్పుడల్లా మా ఊరి వెనకున్న పాత గని గొయ్యి గుర్తొస్తుంది.

దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా విజయనగరం జిల్లాలోనే. 1890ల తొలినాళ్లలో కోడూరులో పలుగు దిగింది. తర్వాత గర్భాం, గరివిడి. ఇక్కడి రాయికి లీ ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దొర ‘కోడూరైట్’ అని పేరు కూడా పెట్టాడు. సరుకు మాత్రం ఓడలెక్కి విదేశాల ఉక్కు కొలుములకు వెళ్లిపోయింది. 1933లో తెరిచిన విశాఖ హార్బరును కట్టడానికి ఒక ముఖ్య కారణం మధ్యపరగణాల (ఇప్పటి మధ్యప్రదేశ్, దాని చుట్టుపక్కల ప్రాంతాల) మాంగనీసు ఎగుమతే. ఇప్పుడు అదే రేవులో దక్షిణాఫ్రికా, గాబన్ ఖనిజం దిగుతోంది! 2024 మార్చిలో ఆస్ట్రేలియాలో మాంగనీసు గనులున్న గ్రూట్ ఐలాండ్ దీవిలో తుపానుకు ఓడరేవు దెబ్బతిని ఎగుమతులు ఆగిపోతే, ప్రపంచమంతటా ధర ఎగిసింది. అన్నట్టు, ఆ దీవిలో తవ్వకాల మీద అక్కడి ఆదివాసులకు రాయల్టీ, అంటే తవ్విన ఖనిజం మీద వాటా సొమ్ము, అందుతుంది.

మాకు మిగిలినవి గోతులు. వానాకాలంలో చూస్తే చెరువులే అనుకుంటారు. చెరువుకైతే వాలు ఉంటుంది, దిగితే కాలు ఆనుతుంది. వీటికి అంచు దగ్గర నుంచే లోతు. నిరుడు మా పక్కింటివాళ్ల గేదె గట్టు జారి పడితే, తాళ్లు వేసి లాగేసరికే చచ్చిపోయింది. కంచె వేయించమని అర్జీ పెడితే ఒక ఆఫీసువారు ఇంకో ఆఫీసుకి వెళ్లమన్నారు. లీజు ఎప్పుడో ముగిసిందట, కాబట్టి బాధ్యులు లేరట. తవ్వకం అయ్యాక గనిని ఎలా పూడ్చి బాగుచేస్తారో చెప్పే మూసివేత ప్రణాళిక తప్పనిసరి అయింది 2003లో. అంతకు ముందే వదిలేసిన గోతుల్ని పట్టించుకునేదెవరు?

డబ్బుకు దారి లేకపోలేదు. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. లీజుదారులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, అందులో 10 శాతమో, 2015కి ముందటి పాత లీజులైతే 30 శాతమో వాటికి జమ కట్టాలి. గనుల ఊళ్ల బాగు కోసమే ఆ నిధి. సిమెంటు రోడ్లు వేస్తే వద్దనం గానీ, ముందు పాత గోతుల లెక్క తీయండి. జనం, పశువులు తిరిగే చోట కంచె వేయండి. చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్ష చేయించండి. తాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 0.3 వరకు. మా బోర్లలో ఎంతుందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. తాగాలో వద్దో మేమే చూసుకుంటాం.

– ఒక రైతు,
గరివిడి మండలం, విజయనగరం జిల్లా