చివరి ట్రైన్ వదులుకున్న పెద్దాయనకు

కళ్లు మండిపోతున్నాయి. పడుకుని లేచాక రాస్తే ఈ థ్యాంక్స్ మాటలు రావని ఇప్పుడే రాస్తున్నాను.

జపాన్‌లో నేనేం చేస్తున్నానో మీలో చాలామందికి చెప్పలేదు. తల, మెడ భాగాల్లో తిరగబెట్టిన క్యాన్సర్‌కి ఇక్కడ 2020 నుంచి ఇన్సూరెన్స్ కిందే బోరాన్ న్యూట్రాన్ చికిత్స ఇస్తున్నారు. బోరాన్ ఉన్న మందు ఎక్కించి న్యూట్రాన్లు తగిలిస్తే, మందు పట్టిన చోటే బోరాన్ పగులుతుంది. ఆ ముక్కలే క్యాన్సర్ కణాన్ని చంపుతాయి, కానీ మిల్లీమీటరులో నూరో వంతు దూరం కూడా పోవు. కాబట్టి గడ్డలోకి మందు ఎంత చేరిందన్నదే అసలు ప్రశ్న. మామూలుగా రక్తం తీసి కొలిచి, దాన్నిబట్టి గడ్డలో ఇంత ఉంటుందని లెక్క కడతారు. సూది లేకుండా ఎంఆర్‌ఐతోనే కొలవగలమా అన్నది నా పీహెచ్‌డీ. మనిషి దాకా ఇంకా పోలేదు, మందు కలిపిన నీళ్ల సీసాతోనే కుస్తీ. దాన్ని ఫాంటమ్ అంటారు (దెయ్యం కాదు, అమ్మా).

పేషెంట్లు అయిపోయాక, రాత్రి 11 తర్వాతే మాకు మిషన్ ఇస్తారు. అదీ మూడుసార్లు క్యాన్సిల్ చేశారు. ఒకసారి కారణం, ఫారం మీద ఒక ముద్ర తక్కువైంది! మిషన్ ఖాళీగానే ఉంది, ముద్రే లేదు. పైగా తప్పిన స్లాట్ కూడా మా లెక్కలోనే రాశారు. సరే, వదిలేయండి.

నిన్న రాత్రి దొరికింది. గంట గడిచినా సిగ్నల్ అంతా అలుక్కుపోయినట్టు వస్తోంది. తల పట్టుకుని కూర్చున్నాను. డ్యూటీ దిగి బ్యాగు కోసం వచ్చిన టెక్నీషియన్ పెద్దాయన ఏమీ అడగలేదు. సీసా తీసి లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. మెడ దగ్గర మెంతి గింజంత గాలి బుడగ. అంత బుడగ ఉన్నా చుట్టూ అయస్కాంత క్షేత్రం చెదిరిపోతుందని నేను పరీక్షలో రాసినవాణ్నే, కళ్లకు కనపడలేదు! ఆయన సిరంజితో చుక్కచుక్కగా నింపి, గోటితో సీసా తడుతూ బుడగ పైకి తెప్పించి మూత బిగించాడు. కదలకుండా తన చేతి టవలే చుట్టాడు.

ఈసారి నీటి సిగ్నల్‌ని అణచగానే గ్రాఫులో 7, 8 అంకెల మధ్య బుల్లి గుట్టలు లేచాయి. మందువే. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన వేడి కాఫీ డబ్బా ఒకటి చేతిలో పెట్టి, "ఓత్సుకరేసామా" (బాగా కష్టపడ్డావు అన్నట్టు) అని వెళ్లిపోయాడు. చివరి ట్రైన్ పోయి స్టాఫ్ రూమ్ కుర్చీలోనే పడుకున్నాడని పొద్దున తెలిసింది. టవల్ ఇంకా నా దగ్గరే ఉంది.

మా ఆవిడకి, అమ్మానాన్నలకి థ్యాంక్స్ వేరే చెప్పాలా.

అయ్యో, మర్చిపోయాను. ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర) కలిపితే ఆ మందు నీళ్లలో బాగా కరుగుతుందని నేర్పిన సీనియర్‌కి, ఫారాలు జపనీస్‌లో నింపిన పక్క గది వియత్నాం అమ్మాయికి, గేటు తీసిన సెక్యూరిటీ ఆయనకి కూడా థ్యాంక్స్. సైకిల్ ఇచ్చిన తమ్ముడూ, నీకూ. వెనక చక్రంలో గాలి పోయింది, రేపు కొట్టించి ఇస్తాను.