ఏఐ కథలో బూట్లున్నాయి, కాళ్లకే లేవు

సంపాదకులకు నమస్కారం.

సెప్టిక్ ట్యాంకులు, మురుగుకాల్వలు బాగుచేసేవాళ్ల మీద జనానికున్న చిన్నచూపు పోగొట్టాలని ఈమధ్య స్కూళ్లలో ఏఐతో కథలు, వీడియోలు చేయిస్తున్నారు. ఆలోచన మంచిదే, పిల్లల కష్టాన్నీ తప్పుపట్టను. కానీ మా పాలకొల్లు వైపు ఒక స్కూల్లో చేసిన వీడియో వాట్సాప్‌లో నాదాకా వచ్చింది. చూస్తే చిరాకేసింది.

అందులో కార్మికుడు మోకాళ్లదాకా బూట్లు, గ్లవ్స్, హెల్మెట్ వేసుకుని నవ్వుతూ ట్యాంకులోకి దిగుతాడు. చివర్లో శాలువా కప్పుతారు, కూతురు కలెక్టరవుతుంది. ఒక్క 'ఆయ్' వినపడితే ఒట్టు, మాటలన్నీ పాఠ్యపుస్తకంలోవే. ఏవి ఇవ్వడం లేదని కార్మికులు మొత్తుకుంటున్నారో వాటినే ఏఐ బొమ్మలో తొడిగేసింది. చూసిన పిల్లాడు అన్నీ ఇస్తున్నారనే అనుకుంటాడు.

డెల్టా నేల సంగతి మనకు తెలిసిందే, కాస్త తవ్వితే నీళ్లే. కాల్వలకు నీళ్లు వదిలి, వానలు పట్టాక ట్యాంకు నీరు ఇంకదు, పైకి తంతుంది. లారీ వస్తుంది, పైపు నీళ్లు లాగేస్తుంది. అడుగున గట్టిపడిన మడ్డి పైపుకు అందదు. అప్పుడు ఇంటాయన "కొంచెం దిగి తీసెయ్ అబ్బాయ్, ఇంకో ఐదొందలిస్తాలే" అంటాడు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. అది ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలీదు. ఒకడు పడిపోతే, తీద్దామని దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా ఇలా దించితే, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలాంటి చావుకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో పది లక్షల నుంచి ముప్పై లక్షలకు పెంచింది. వీడియోలో ఇదేమీ లేదు. ఆ ఐదొందల ఇంటాయనైతే అసలే లేడు.

నా గొడవంతా అక్కడే. అతని కష్టం చూసి కన్నీళ్లు పెట్టుకోవడం తేలిక. మన వీధిగుమ్మం దగ్గర జరిగేది చూపిస్తే ఇబ్బందిగా ఉంటుంది. గోదావరి జిల్లాల మర్యాద అని గొప్పలు పోతాం, అతిథికి కొసరి కొసరి వడ్డిస్తాం. ట్యాంకు లారీ కుర్రాడు మంచినీళ్లడిగితే మాత్రం ప్లాస్టిక్ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, తాగాక బయట పారేయమంటాం. కథ తీస్తే అది తీయాలి.

ఏఐ వద్దనడం లేదు. ఈ పనిచేసే కొందరు వియ్యాలవారికి కూడా చెప్పుకోరు. అలాంటివాళ్లు ముఖం, గొంతు బయటపడకుండా తమ మాట తాము చెప్పుకోవడానికి ఇంతకన్నా సులువైన సాధనం లేదు. కాకపోతే మాట వాళ్లది కావాలి. కథ చెప్పడానికి పని మానుకుని కూర్చుంటే ఆ పూట కూలి ఇవ్వాలి. తయారైన వీడియో ముందు వాళ్లకే చూపించి, వద్దన్నది తీసేయాలి. ఇలాగే చిన్నచూపు పడే కాటికాపరుల కథలకైనా ఇదే పద్ధతి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు ఊడ్వడానికి ఎక్కడెక్కడి నుంచో పారిశుద్ధ్య కార్మికులను తెస్తారు, వాళ్ల మీద వీడియోలూ తప్పకుండా వస్తాయి. మున్సిపాలిటీలు, విద్యాశాఖ ఇప్పుడే వాళ్ల సంఘాలను పిలిచి మాట్లాడాలని, బూట్లు, గ్లవ్స్ వీడియోలకన్నా ముందే కొనాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఓ రిటైర్డ్ టీచరు, పాలకొల్లు